21 మి.మీ. గేజ్‌లో ఐరిష్ ఆవిరి ఇంజన్ మోడల్: ఫ్రేముల నుంచి రంగు దాకా

ఐరిష్ ఇంజన్ కిట్ చేతికొచ్చాక చాలామంది అదే రోజు మాటు (సోల్డర్) వేయడం మొదలుపెడతారు. నెల తిరిగేసరికి చక్రాలు స్ప్లాషర్లకు (చక్రాల మీది కప్పులకు) రాసుకుంటాయి, నంబరు ప్లేటుకూ బాయిలర్‌కూ పొంతన ఉండదు. ఈ రెండు కష్టాలకూ మూలం ఒక్కటే. గేజ్ (పట్టాల మధ్య దూరం) ఏమిటో, ఏ సంవత్సరంలో ఏ నంబరు ఇంజనో ముందే తేల్చుకోలేదు. ఆ రెండూ తేలితేనే మిగతా కొలతలన్నీ వరసగా దిగుతాయి.

ఉదాహరణకు గ్రేట్ సదరన్ అండ్ వెస్టర్న్ రైల్వే వారి 101 క్లాస్ తీసుకుందాం. తర్వాతి రోజుల్లో జే15 అన్నది దీన్నే. ఆరు చక్రాలూ రాడ్లతో కలిసి ఉండే 0-6-0. సిలిండర్లు ఫ్రేముల (చట్రానికి రెండు పక్కలా ఉండే పలకల) లోపలే ఉంటాయి కాబట్టి బయట పిస్టన్ రాడ్డు, క్రాస్‌హెడ్ ఉండవు. మొదటిసారి చట్రం కట్టేవారికి ఇంతకన్నా మంచి ఇంజన్ లేదు. కొలతలు 4 మి.మీ. స్కేలులో, అంటే అసలులో ఒక అడుగు మోడల్‌లో 4 మి.మీ. కిట్ జర్మన్ సిల్వర్ రేకుల మీద ఎచింగ్ చేసినది, అంటే ముక్కల ఆకారాలను యాసిడ్‌తో కొరికించినది అనుకుందాం.

## 1. గేజ్ తేల్చుకోండి

ఐర్లాండ్ ప్రధాన లైన్ల గేజ్ 5 అడుగుల 3 అంగుళాలు, అంటే 1600 మి.మీ. 1846 నాటి చట్టం దాన్ని ఖాయం చేసింది. మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ., రెండూ ఒకటి కావు. 4 మి.మీ. స్కేలులో ఐరిష్ గేజ్ సరిగ్గా 21 మి.మీ. వస్తుంది, మనది 22. ఈ పద్ధతి నేర్చుకున్నవారు ఆ ఒక్క మిల్లీమీటరు మార్చుకుంటే భారతీయ ఇంజన్లూ కట్టొచ్చు.

బజారులో దొరికే ఓఓ ట్రాక్ 16.5 మి.మీ. దాని మీద నిలబెడితే ఐరిష్ ఇంజన్ 4 అడుగుల ఒకటిన్నర అంగుళాల పట్టాల మీద ఉన్నట్టు లెక్క. ముందు నుంచి చూస్తే కాళ్లు దగ్గరపెట్టుకుని నిలబడ్డట్టే ఉంటుంది. ఇంట్లో ఇప్పటికే ఓఓ లేఅవుట్ ఉంటే దాని మీదే నడుపుకోండి, తప్పేం లేదు. అప్పుడు కిట్‌తో వచ్చిన సన్న స్పేసర్లే (రెండు ఫ్రేములను ఎడంగా పట్టి ఉంచే ముక్కలు) వాడాలి, ఈ వ్యాసంలోని వెడల్పు లెక్కలు మీకు అక్కర్లేదు.

21 ఎంచుకుంటే చక్రాల అంచు విషయంలో రెండు దారులున్నాయి. ఒకటి ఈఎం ప్రమాణపు చక్రాలు, రెండోది ఇంకా సన్నని అంచున్న పీ4 చక్రాలు. మొదటి ఇంజన్‌కు ఈఎం చక్రాలే మేలు. అంచు కాస్త లోతుగా ఉంటుంది కనుక ట్రాక్‌లో చిన్న ఎత్తుపల్లాలుంటే ఓర్చుకుంటాయి.

ఇక్కడ మర్చిపోకూడని కొలత, రెండు చక్రాల వెనుక ముఖాల మధ్య దూరం. దీన్నే బ్యాక్ టు బ్యాక్ అంటారు. ఈఎంలో గేజ్ 18.2, బ్యాక్ టు బ్యాక్ 16.5, తేడా 1.7. అదే తేడాను 21 లోంచి తీసేస్తే 19.3 మి.మీ. ఇంజన్, టెండరు (వెనక ఉండే బొగ్గు, నీళ్ల బండి), వ్యాగన్లు అన్నీ ఈ ఒక్క కొలతకే కట్టాలి. ఒకటి 19.3కీ మరొకటి 19.6కీ కడితే పాయింట్ల దగ్గర, అంటే దారి చీలే చోట, ఏదో ఒకటి పట్టాలు దిగిపోతుంది.

ఐర్లాండ్ 3 అడుగుల నారోగేజ్ ఇంజన్లు ఇష్టమైనవారికి లెక్క ఇంకా సులువు. 4 మి.మీ. స్కేలులో అది 12 మి.మీ., తోటలో నడిపే 15 మి.మీ. స్కేలులో 45 మి.మీ. రెండింటికీ ట్రాక్ దొరుకుతుంది.

## 2. సంవత్సరం, నంబరు రాసి గోడకు అంటించండి

101 క్లాస్ రూపకర్త అలెగ్జాండర్ మెక్‌డొనెల్. 1866లో మొదలై 1900 తర్వాత కూడా కొత్తవి కడుతూనే వచ్చారు, మొత్తం వందకు పైనే తయారయ్యాయి. దాదాపు వందేళ్లు పనిచేసిన ఇంజన్లు ఒకే రూపంలో ఉండవు. షెడ్డులో బాయిలర్లు మారాయి, టెండర్లు మారాయి, తలుపులూ మారాయి. అందుకే 'జే15 కడుతున్నాను' అనుకుంటే చాలదు. '1955లో ఫలానా నంబరు' అనుకోవాలి.

ఆ నంబరు ఫొటో ఒకటైనా సంపాదించి ఇవి చూసుకోండి:

- ఫైర్‌బాక్స్ (బాయిలర్ వెనక నిప్పు గది) పైభాగం గుండ్రమా, లేక భుజాలు పలకగా ఉండే బెల్పేర్ రకమా
- స్మోక్‌బాక్స్ (బాయిలర్ ముందు పొగ గది) తలుపు ఒకటే గుండ్రటిదా, పాతకాలపు రెండు రెక్కలదా
- స్మోక్‌బాక్స్ పొడవు ఎంత, చిమ్నీ ఎక్కడ నిలబడింది
- వెనక ఉన్నది చిన్న టెండరా, పెద్దదా
- నంబరు పోతపోసిన ప్లేటా, రంగుతో రాసిందా
- టెండరు మీద ఏదైనా గుర్తు ఉందా

ఇప్పటికీ రెండు మిగిలున్నాయి, 184, 186. రెండూ రైల్వే ప్రిజర్వేషన్ సొసైటీ ఆఫ్ ఐర్లాండ్ దగ్గరే ఉన్నాయి. 184కు గుండ్రటి ఫైర్‌బాక్స్, 186కు బెల్పేర్. ఈ రెంటి ఫొటోలు పక్కపక్కన పెట్టుకుంటే తేడాలన్నీ ఒక్క చూపులో తెలుస్తాయి. ఐర్లాండ్‌లో ఉంటున్న మన తెలుగువాళ్లు వీలుచేసుకుని చూసి, రివెట్ల వరసలు, పైపుల దారులు దగ్గరగా ఫొటో తీసుకుంటే కిట్ సూచనల్లో లేని విషయాలెన్నో దొరుకుతాయి. కాకపోతే భద్రపరిచిన ఇంజన్‌కు ఈ కాలపు అమరికలు కొన్ని చేరి ఉంటాయి. వాటిని 1930 నాటి మోడల్ మీదికి ఎక్కించకండి.

తేదీలు గుర్తుంచుకోవడానికి నాలుగు గీతలు చాలు. 1925 నుంచి ఈ ఇంజన్లు గ్రేట్ సదరన్ రైల్వేస్ కంపెనీవి. 1945 నుంచి సీఐఈ, అంటే ఐర్లాండ్ రవాణా సంస్థవి. 1947లో బొగ్గు కరువై కొన్ని ఇంజన్లను చమురుకు మార్చి, దూరం నుంచే తెలిసేలా వాటి మీద తెల్లటి గుండ్రాలు వేశారు. 1963తో సీఐఈలో ఆవిరి పని ముగిసింది.

## 3. పనిముట్లు, సరుకులు

- 50 వాట్ల, వేడి మార్చుకోగల సోల్డరింగ్ ఐరన్, 3 మి.మీ. ఉలి మొన. 25 వాట్లది వద్దు. పెద్ద రేకు తాకగానే చల్లబడి, మాటు పారకుండా ముద్దకడుతుంది
- మూడు రకాల మాటు: 188 డిగ్రీలది, 145 డిగ్రీలది, వైట్‌మెటల్‌కు (తక్కువ వేడికే కరిగే పోత లోహానికి) 70 డిగ్రీలది
- 10 నుంచి 12 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ ఫ్లక్స్, చిన్న బ్రష్
- సన్న ఆకురాళ్లు: చదునుది, గుండ్రటిది, మూడంచులది
- రంధ్రాలు కొద్దికొద్దిగా పెంచే బ్రోచ్‌ల సెట్టు
- 0.3 నుంచి 3.2 మి.మీ. వరకు డ్రిల్ బిట్లు, చేతి చక్
- నగల పనివాళ్ల రంపం, సన్న బ్లేడ్లు
- డిజిటల్ వెర్నియర్ క్యాలిపర్
- అద్దం పలక, కనీసం 30 × 15 సెం.మీ. సమతలం చూసుకోవడానికి ఇదే ఆధారం
- 19.3 మి.మీ.కి అరగదీసిన ఇత్తడి దిమ్మ, బ్యాక్ టు బ్యాక్ గేజ్‌గా
- 3.175 మి.మీ. సిల్వర్ స్టీల్ కడ్డీ, ఇంజన్ ఇరుసులకు
- హార్న్‌బ్లాకులు (ఇరుసు పైకీ కిందికీ ఆడనిచ్చే బేరింగులు) నాలుగు, స్థిర ఇరుసుకు బేరింగులు రెండు, అమరిక కడ్డీలు మూడు

ఇరుసుల కడ్డీ ఎందుకంటే, చక్రాలతో వచ్చే ఇరుసులు 21 మి.మీ. గేజ్‌కు సాధారణంగా పొట్టివవుతాయి. కావలసిన పొడవు సులువుగా తేలుతుంది: బ్యాక్ టు బ్యాక్‌కు రెండు చక్రాల బొడ్డు మందం కలపండి. బొడ్డు 2.8 మి.మీ. అయితే 19.3 + 5.6, అంటే 24.9. మీ చక్రాన్ని క్యాలిపర్‌తో కొలిచాకే కోయండి.

చక్రం వ్యాసం కూడా ఇప్పుడే చూసుకోండి. అసలు చక్రం 5 అడుగుల 1¾ అంగుళం, స్కేలులో 20.6 మి.మీ. కొంచెం తేడా తప్పకపోతే చిన్న వైపే వెళ్లండి. మోడల్ చక్రం అంచు అసలుకన్నా లోతు కాబట్టి పెద్ద చక్రం స్ప్లాషర్‌ను తాకుతుంది.

## 4. ముందు కొంచెం ట్రాక్

ఇంజన్ పూర్తయ్యాక ట్రాక్ వేద్దామనుకుంటే చట్రం పరీక్షించేందుకు దారి ఉండదు. రాగి పూత ఉన్న సర్క్యూట్ బోర్డు పట్టీలను స్లీపర్లుగా కోసి, చెక్క మీద అంటించి, పట్టాలకు మాటు వేయండి. 60 సెం.మీ. తిన్ననిది ఒకటి, మీటరు వ్యాసార్ధంతో వంపు తిరిగేది ఒకటి చాలు. ప్రతి స్లీపర్ మీద రాగి పూతను మధ్యలో ఆకురాయితో తెంచాలి. ఒక్కటి మరిచినా షార్ట్ అవుతుంది. మల్టీమీటరుతో చూసుకున్నాకే కరెంటివ్వండి.

## 5. మాటు పట్టే పద్ధతి

కంసాలి మాటుకైనా మనకైనా సూత్రం ఒకటే: లోహం శుభ్రంగా ఉండాలి, వేడి కావలసింది లోహం. రెండు అంచులనూ ఫైబర్‌గ్లాస్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దండి. ఫ్లక్స్ రాయండి. ఐరన్ మొన మీద కొద్దిగా మాటు తీసుకుని అతుకు దగ్గర ఆనించి ఆగండి. మాటు నీళ్లలా పాకి మెరుస్తుంది, అప్పుడు మెల్లగా జరపండి. ముద్దగా, మసకగా ఉంటే వేడి చాలలేదు లేదా ఫ్లక్స్ ఎండిపోయింది. ఇంకా మాటు పెట్టడం కాదు మందు, మళ్లీ ఫ్లక్స్ రాసి వేడి చేయండి.

వరస ఇలా ఉండాలి: చట్రానికి, మొదటి అతుకులకు 188. వాటి పక్కన తర్వాత వచ్చే భాగాలకు 145. చివర్లో వైట్‌మెటల్‌కు 70. ఇలా దిగుతూ వస్తే కొత్త అతుకు వేస్తుంటే పాతది ఊడిరాదు.

ఎచింగ్ రేకు మడిచేటప్పుడు సగం లోతు గీత మడత లోపలి వైపుకు రావాలి. మడిచాక ఆ గీత వెంట మాటు పారించండి, లేకపోతే మడత బలహీనంగా ఉండిపోతుంది. రివెట్ల చుక్కలు వెనక నుంచి మొద్దుమొనతో గుద్దాల్సి ఉంటే మడతకు ముందే గుద్దాలి.

కూర్చున్న ప్రతిసారీ పని ఆపే ముందు ముక్కను గోరువెచ్చని నీళ్లు, వంటసోడాతో కడగండి. ఫాస్ఫారిక్ ఫ్లక్స్ రాత్రంతా ఉండిపోతే తెల్లారేసరికి పచ్చగా పూస్తుంది. ఉక్కు ఇరుసులుంటే తుప్పు పడుతుంది. కిటికీ తెరిచి పనిచేయండి, ఆ పొగ గొంతులోకి మంచిది కాదు.

## 6. ఫ్రేముల వెడల్పు

బ్యాక్ టు బ్యాక్ 19.3. మధ్య ఇరుసు వంపులో అటూ ఇటూ 0.5 మి.మీ. జరగాలి, ఆపైన పావు మిల్లీమీటరు ఖాళీ. రెండు వైపులా 0.75 చొప్పున తీసేస్తే ఫ్రేముల బయటి కొలత 17.8 మి.మీ. కిట్‌లో 21 మి.మీ. స్పేసర్లు ఉంటే ఈ లెక్కతో సరిచూసుకోండి. లేకపోతే 0.5 మి.మీ. రేకుతో మీరే కోసుకోండి. స్పేసర్ పొడవు = 17.8 లోంచి రెండు ఫ్రేముల మందం తీసేసినది.

ఆ అర మిల్లీమీటరు ఎందుకంటే, ఈ ఇంజన్ మొదటి, చివరి ఇరుసుల మధ్య దూరం మోడల్‌లో సుమారు 60 మి.మీ. మీటరు వ్యాసార్ధపు వంపులో మధ్య చక్రం దాదాపు 0.45 మి.మీ. పక్కకు పోవాలి. చివరి ఇరుసులకు మాత్రం వాషర్లు వేసి ఊగకుండా ఆపండి. మూడూ ఊగితే తిన్నని ట్రాక్ మీద ఇంజన్ పాములా నడుస్తుంది.

మాటును ఫ్రేముల ముందు చివర ఒక చుక్క, వెనక చివర ఒక చుక్క మాత్రమే పెట్టండి. అద్దం మీద నిలబెట్టి, నాలుగు మూలలూ తాకుతున్నాయో లేదో వేలితో నొక్కి చూడండి. ఊగితే ఒక చుక్క కరిగించి సర్దండి. సరిపోయాకే నిండా మాటు పారించండి.

## 7. హార్న్‌బ్లాకులు, రాడ్లు

మోడల్ బాగా నడవడం, నడవకపోవడం ఇక్కడే తేలుతుంది. తొందరపడొద్దు.

రాడ్లతోనే మొదలుపెట్టండి. ఎచింగ్ రాడ్లు రెండు పొరలుగా వస్తాయి. పొరలను కలిపి మాటు వేసి అంచులు నున్నగా రాయండి. మధ్య క్రాంక్‌పిన్ (చక్రానికి రాడ్డు తగిలే మొల) దగ్గర కీలు ఉండాలి. కీలు లేని ఒంటి ముక్క రాడ్డుతో, ఎత్తుపల్లాలకు ఆడే ఇరుసులు బిగుసుకుపోతాయి. కుడి రాడ్డును ఎడమదాని మీద పెట్టి మూడు రంధ్రాల్లోనూ డ్రిల్ బిట్లు దూర్చండి. మూడూ నిటారుగా దిగాలి. దిగకపోతే ఆ జత రాడ్లు పనికిరావు, మళ్లీ చేయాల్సిందే.

ఈ చట్రంలో వెనక ఇరుసు స్థిరం, మోటారు కూడా దానికే. మధ్య, ముందు ఇరుసులు హార్న్‌బ్లాకుల్లో పైకీ కిందికీ ఆడతాయి. వాటి మీద ఫ్రేముల నడుమ ఒక దూలం ఆనుతుంది. దూలం కీలు ఆ రెండు ఇరుసులకు సరిగ్గా మధ్యన, 1.5 మి.మీ. కడ్డీ మీద. అప్పుడు ఇంజన్ మూడు ఆనింపుల మీద నిలబడుతుంది: వెనక ఇరుసు రెండు చివరలు, ముందు దూలం కీలు. మూడు కాళ్ల పీట ఏ నేల మీదైనా ఊగదు, ఇదీ అంతే.

అమరిక:

1. స్థిర ఇరుసు బేరింగులను 188తో మాటు వేయండి.
2. మూడు చోట్లా అమరిక కడ్డీలు దూర్చండి. వీటి నడుము ఇరుసు మందం, చివరలు రాడ్డు రంధ్రం మందం ఉంటాయి.
3. రెండు వైపులా రాడ్లను కడ్డీ చివరలకు తొడగండి. మధ్య ఇరుసు ఎక్కడ ఉండాలో ఇప్పుడు రాడ్డే చెబుతుంది.
4. హార్న్‌బ్లాక్ గైడ్‌ను ఫ్రేముకు ఆనించి ఒక చుక్క మాటు. ఇరుసు ఫ్రేముకు లంబంగా ఉందో లేదో మట్టంతో చూడండి.
5. ముందు ఇరుసుకు అదే పని.
6. చక్రాలు తాత్కాలికంగా పెట్టి అద్దం మీద ఆరూ ఆనుతున్నాయో చూడండి. ఆనకపోతే దూలాన్ని సరిచేయండి, హార్న్‌బ్లాక్‌ను కాదు.

కిట్ డ్రాయింగులో ఇరుసుల దూరం 0.1 మి.మీ. వేరుగా ఉన్నా పట్టించుకోకండి. చట్రం రాడ్లకు సరిపోవాలి.

## 8. చక్రాలు, క్వార్టరింగ్

ఒక వైపు క్రాంక్ 12 గంటల దగ్గర ఉంటే రెండో వైపుది 3 గంటల దగ్గర ఉండాలి. ఇదే క్వార్టరింగ్. సరిగ్గా 90 డిగ్రీలే కానక్కర్లేదు. 88 అయినా పర్వాలేదు, మూడు ఇరుసుల మీదా అదే కోణం ఉంటే చాలు. మూడింటిలో ఒక్కటి తేడాగా ఉంటేనే చిక్కు.

ఇరుసు చివర్లకు అంచు నునుపు చేసి, చక్రాన్ని వైస్ దవడల మధ్య నిటారుగా నొక్కండి. సుత్తితో కొడితే ప్లాస్టిక్ బొడ్డు పగులుతుంది, లేకపోతే చక్రం ఒరిగి తిరిగేటప్పుడు ఊగుతుంది. గేర్‌బాక్స్ ఎక్కాల్సిన ఇరుసుకు రెండో చక్రం పెట్టకముందే గేర్‌బాక్స్ ఎక్కించడం మరిచిపోకండి. ఇది చాలా సామాన్యంగా జరిగే పొరపాటు. ఊడదీసి మళ్లీ నొక్కితే బొడ్డు వదులైపోతుంది.

వరస:

1. వెనక ఇరుసును కంటి అంచనాతో, చక్రం ఆకుల సాయంతో 90 డిగ్రీలకు పెట్టండి. ఇక దీన్ని ముట్టుకోకండి, మిగతావాటికి ఇదే ప్రమాణం.
2. మధ్య ఇరుసు పెట్టి, వెనక–మధ్య రాడ్డు ముక్కలు మాత్రమే తగిలించండి. గేరు విడిగా ఉంచి అద్దం మీద వేలితో మెల్లగా నెట్టండి.
3. పట్టేస్తుంటే మధ్య ఇరుసు మీద ఒక చక్రాన్ని కొద్దిగా తిప్పండి. తిప్పిన దిశ రాసుకోండి. ఎక్కువైతే వెనక్కి, తగ్గితే ముందుకు.
4. స్వేచ్ఛగా తిరిగాకే ముందు ఇరుసు, దాని రాడ్లు.
5. ప్రతిసారీ 19.3 దిమ్మ పెట్టి చూడండి. చక్రం తిప్పుతుంటే బ్యాక్ టు బ్యాక్ జారుతుంది.

అన్నీ బాగున్నా ఒక్కచోట కొంచెం పడుతుంటే అప్పుడు బ్రోచ్‌తో ఆ రంధ్రాన్ని తల వెంట్రుక వాసి పెంచండి. క్రాంక్‌పిన్ మీద రాడ్డు 0.1 నుంచి 0.15 మి.మీ. ఆడితే సరిపోతుంది. క్వార్టరింగ్ తప్పును రంధ్రాలు పెంచి కప్పిపుచ్చాలని చూడకండి. పది నిమిషాలు నడుస్తుంది, తర్వాత కుంటుతుంది.

చివరకు ఇరుసు–బొడ్డు కలిసే చోట రిటెయినింగ్ జిగురు ఒక చుక్క పోసి రాత్రంతా వదిలేయండి.

## 9. మోటారు, గేరు

గూడ్సు ఇంజన్. వేగంగా పరుగెత్తాల్సిన పని లేదు, నిదానంగా కదలాలి. గంటకు 72 కి.మీ. అనుకుంటే స్కేలులో సెకనుకు సుమారు 260 మి.మీ. చక్రం చుట్టుకొలత దాదాపు 65 మి.మీ. కాబట్టి చక్రం సెకనుకు నాలుగుసార్లు, నిమిషానికి 240 తిరుగుతుంది. మోటారు 12,000 తిరిగితే 50:1 కావాలి. అందుకే 54:1, 60:1 గేర్‌బాక్సులు రెండూ సరైనవే. 30:1 పెడితే షంటింగ్‌కు పనికిరాదు.

మోటారు ఫైర్‌బాక్స్‌లో దాగాలి. ఈ ఇంజన్‌కు బాయిలర్ కింద, ఫ్రేముల పైన వెలుతురు కనిపించే ఖాళీ ఉంటుంది. అక్కడ మోటారు కనిపిస్తే మోడల్ అందమంతా పోయినట్టే. కొనేముందు డ్రాయింగు మీద మోటారు కొలత కాగితం కత్తిరించి పెట్టి చూడండి. గేర్‌బాక్స్ తిరక్కుండా ఫ్రేముకు ఒక తీగ కొక్కెం చాలు. గట్టిగా మాటు వేస్తే ఇరుసు బిగుస్తుంది.

## 10. కరెంటు పికప్‌లు

0.3 మి.మీ. ఫాస్ఫర్ బ్రాంజ్ తీగ. సర్క్యూట్ బోర్డు ముక్కను ఫ్రేముల కింద అంటించి, తీగను ఒక చిన్న చుట్ట తిప్పి, చక్రం టైరు వెనక తాకించండి. చుట్ట ఎందుకంటే తీగ పొడవు పెరిగి మెత్తగా ఆనుతుంది. మధ్య చక్రం పక్కకు జరిగినప్పుడూ తాకుతుండాలి, అలాగని బ్రేకులా నొక్కకూడదు. ఆరు ఇంజన్ చక్రాలతో పాటు టెండరు చక్రాల నుంచి కూడా తీసుకుంటే పాయింట్ల దగ్గర ఆగిపోదు.

## 11. పైభాగం

21 మి.మీ. గేజ్‌లో చక్రాలు ఓఓ కన్నా ఒక్కో వైపు 2.25 మి.మీ. బయటికి వస్తాయి. ఫుట్‌ప్లేట్ (చక్రాల పైన పరిచిన పలక) వెడల్పు మాత్రం అదే. కాబట్టి ఫుట్‌ప్లేట్‌లో చక్రాలు దూరే కంతలు, స్ప్లాషర్ల లోపలి భాగం ముందే బయటికి పెంచండి. బ్రేకు చెక్కలు, ఇసుక గొట్టాలు కూడా అంతే దూరం జరగాలి. ఈ పని ముందు గుర్తుంటే పది నిమిషాలు, బాయిలర్ పెట్టాక గుర్తొస్తే రెండు రోజులు.

ఫుట్‌ప్లేట్‌ను చెక్క దిమ్మకు స్క్రూతో బిగించి, దాని మీదే క్యాబ్, స్ప్లాషర్లు కట్టండి. వేడికి రేకు మెలితిరగదు.

బాయిలర్ రేకును మౌస్‌ప్యాడ్ లాంటి మెత్తని రబ్బరు మీద పెట్టి, బాయిలర్ వ్యాసంలో మూడింట రెండొంతులున్న ఉక్కు కడ్డీతో దొర్లించండి. ఒకేసారి గట్టిగా నొక్కితే పలకలు పడతాయి. ఇరవైసార్లు మెల్లగా దొర్లిస్తే గుండ్రం వస్తుంది. అంచులు చివరి వరకూ వంగవు కాబట్టి అక్కడ వేళ్లతో కడ్డీకి అదమండి. అతుకు కిందికి రావాలి.

చిమ్నీ, డోము వైట్‌మెటల్ పోతలైతే మాటు కన్నా ఎరాల్డైట్ నయం. మెల్లగా గట్టిపడేది వాడండి, నాలుగు వైపుల నుంచీ చూసి నిటారుగా సర్దుకోవడానికి సమయం దొరుకుతుంది. మాటే వేయాలనుకుంటే ముందు ఇత్తడి వైపు 145తో కళాయి పూసి, ఐరన్‌ను 180 డిగ్రీలకు తగ్గించి, 70 మాటు వాడండి. వేడి తగ్గించడం మరిస్తే చిమ్నీ కళ్లముందే కరిగి కూర్చుంటుంది.

## 12. బరువు

సీసం బాయిలర్ ముందు భాగంలో నింపండి. బరువు కేంద్రం వెనక ఇరుసుకూ దూలం కీలుకూ మధ్యన పడాలి. దారం కట్టి వేలాడదీస్తే తెలిసిపోతుంది. సీసం గుండ్లను తెల్ల ఫెవికాల్ రకం జిగురుతో అంటించకండి. కొన్నాళ్లకు సీసం రసాయన మార్పు చెంది ఉబ్బి, బాయిలర్ అతుకునే పగలగొడుతుంది. ఎరాల్డైట్ వాడండి. పని అయ్యాక చేతులు కడుక్కోండి.

## 13. రంగు

వేడినీళ్లు, పాత్రలు తోమే ద్రవం, పాత టూత్‌బ్రష్‌తో కడిగి రెండు రోజులు ఆరనివ్వండి. తర్వాత చేతికి గ్లవ్స్ తప్పదు. మొదట లోహానికి పట్టే ఎచ్ ప్రైమర్, పలుచగా.

గ్రేట్ సదరన్ రోజుల్లో ఈ ఇంజన్లకు గీతలేమీ లేని ముదురు బూడిద రంగు. సీఐఈలోనూ చాలావాటికి అదే. స్మోక్‌బాక్స్, చక్రాలు సహా అంతా అదే బూడిద. అలవాటు కొద్దీ స్మోక్‌బాక్స్ నల్లగా వేయకండి. నలుపు తెలుపు ఫొటోలో నల్లగా కనబడేది మసి, నూనె. ఆ మురికిని చివర్లో పైన వేసుకోండి.

వానాకాలంలో, గాలి తడిగా ఉన్న రోజున స్ప్రే చేస్తే లాక్కర్ తెల్లగా పొగచూరినట్టవుతుంది. హైదరాబాద్ జూలైలోనైనా డబ్లిన్ నవంబరులోనైనా ఇదే సంగతి. డబ్బాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, పొడి మధ్యాహ్నం చూసుకుని వేయండి. నంబరు ప్లేట్లు చివర, వార్నిష్ చుక్కతో అంటించండి. జిగురు పొంగితే తుడవలేరు, వార్నిష్ అయితే కనబడదు.

## 14. నడకలో తేడాలు, కారణాలు

చక్రం ఒక్కో చుట్టుకు ఒకసారి కుంటడం: క్వార్టరింగ్ తేడా లేదా క్రాంక్‌పిన్ వంకర. రాడ్లు తీసి నడపండి. కుంటు పోతే రాడ్ల వైపు, పోకపోతే గేర్‌బాక్స్ వైపు చూడండి.

ముందుకు బాగా, వెనక్కి పట్టడం: గేర్‌బాక్స్ కొక్కెం వదులు, మోటారు పైకి ఎగురుతోంది.

ఒకే పాయింటు దగ్గర పట్టాలు దిగడం: ముందు బ్యాక్ టు బ్యాక్ కొలవండి. సరిగ్గా 19.3 ఉంటే తప్పు పాయింటుదే, చెక్ రైలు (చక్రాన్ని దారి తప్పనివ్వని లోపలి పట్టా) దూరం చూడండి.

అన్ని వంపుల్లో పట్టాలు దిగడం: మధ్య ఇరుసు జరగడం లేదు. వాషరు పొరపాటున దానికీ పడి ఉంటుంది.

అప్పుడప్పుడు షార్ట్: బ్రేకు చెక్క టైరుకు తగులుతోంది, లేదా స్ప్లాషర్ లోపల రంగు గీరుకుపోయింది. చీకటి గదిలో నడిపితే మెరుపు ఎక్కడో తెలుస్తుంది. బ్రేకు చెక్కకూ టైరుకూ అర మిల్లీమీటరు ఖాళీ పెట్టి, స్ప్లాషర్ లోపల పలుచటి టేపు అంటించండి.

చట్రం ఒక్కటే బాగా నడిచి, పైభాగం పెట్టగానే ఆగడం: బాడీ స్క్రూ బిగిస్తుంటే ఫ్రేములు మెలితిరుగుతున్నాయి, లేకపోతే మోటారు ఫైర్‌బాక్స్ గోడకు ఒరుసుకుంటోంది. స్క్రూ అర చుట్టు వదిలి చూడండి. నడిస్తే ఫుట్‌ప్లేట్ కింద ఒక పలుచటి వాషరు చాలు.